నలభై ఒకటో తలుపు

పునర్వసు కార్తె, నాలుగో రోజు. రేవు రాయి మీద నీరు: ఆరడుగులు.

ఈ నీటి పుస్తకాన్ని రోజూ చేత్తోనే రాయాలని జలసభ వారి నిబంధన. వరదొస్తే యంత్రాలు తడిసి చస్తాయి, పుస్తకమైతే ఎండబెట్టుకోవచ్చని వాళ్ళకు ఎప్పుడో ఎవరో చెప్పారట. ఎవరు చదువుతారో దేవుడికెరుక. పన్నెండేళ్ళుగా రాస్తున్నాను. ఇందులో తప్పుందని ఎవరూ అనలేదు, ఒప్పుందనీ అనలేదు.

రాసేది పళ్ళాలమ్మ, జీలుగులంక రేవు రాయికి కాపలా మనిషి. వయసు యాభై ఎనిమిది. నోరు పెద్దదని లంకంతా అంటుంది, కాబట్టి అది వేరే రాయక్కర్లేదు.

పొద్దున్నే నీరు చూసి, తర్వాత తలుపులు చూసుకుంటూ దిగువ కొస నుంచి ఎగువ కొసకు నడిచాను. నలభై ఒక్క ఇళ్ళు. తలుపుకొక బిళ్ళ, గుమ్మానికొక బిళ్ళ. తలుపు తీస్తే రెండూ విడిపోతాయి, వేస్తే కలుస్తాయి. జలసభకు తెలిసేది ఆ కదలిక ఒక్కటే. తొమ్మిది రోజులు కదలకపోతే ఆ ఇల్లు ఖాళీ అని రాసుకుంటుంది. ఖాళీ ఇంటి చుట్టూ యాభై గజాల నేల ఇక నేల కాదు, నది. బిళ్ళలు వచ్చిన ఏడాది మా మామ ఊరందరినీ కూర్చోబెట్టి, గుంపుగా ఉన్న ఇళ్ళన్నిటినీ విప్పించి, లంక పొడుగునా వరసలో కట్టించాడు. ఒక ఇంటి యాభై గజాలు అయిపోయేచోట ఇంకో ఇంటివి మొదలవ్వాలని ఆయన లెక్క. అలా గజం నేల కూడా పోకుండా కాపాడాడు మహానుభావుడు. అందుకే మా ఊళ్ళో పక్కింటికెళ్ళి ఉప్పు అడగాలన్నా చెప్పులు వేసుకోవాలి.

పాయ అవతల కొంగలంక మీద దున్న మేస్తోంది. దున్న అంటే జలసభ వారి మన్ను తవ్వే ఓడ. దాని అసలు పేరు చాలా పొడుగు, మాకు నోరు తిరగదు. నల్లటి మోర నీళ్ళలో పెట్టి, ఖాళీ అయిన లంకల్ని మేసి, ఆ మన్నును గొట్టాల్లో సముద్రపు కట్టకు పంపుతుంది. పట్నాలన్నీ ఆ కట్ట మీదే ఉన్నాయి. సముద్రం ఏటా పెరుగుతుంటే కట్ట కూడా పెరగాలి కదా. చిన్నప్పుడు కొంగలంకలో జామకాయలు దొంగిలించి తన్నులు తిన్నాను. ఆ తోట ఉన్నచోట ఇవాళ నీళ్ళు కనిపిస్తున్నాయి.

నలభై ఒకటో ఇల్లు ఎగువ కొసన ఉంది, నా తోటికోడలు నూకరత్నానిది. మా ఇద్దరి మొగుళ్ళూ ఒకే పడవలో మునిగిపోయారు, పదకొండేళ్ళయింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఆ పడవ చెక్కతోనే ఇది తలుపు చేయించుకుంది. గుమ్మం కాళ్ళు ఆరడుగుల లోతు పాతించింది.

"ఏంటక్కా, నా తలుపు కదిలిందో లేదో చూసిపోతావా, కాఫీ తాగుతావా?" అంది.

"పొడి ఉందేంటి?"

"ఏయించిన చింతగింజలున్నాయి. కాఫీ అనుకుని తాగితే కాఫీయే."

తాగాను. కాఫీ కాదు.

పుష్యమి, అయిదో రోజు. నీరు: పదిన్నర అడుగులు.

నీరు ఎర్రబడింది. పైన కొండల్లో గట్టిగా కురిసినట్టుంది. మెరక మీద అందరం కూడాం. మెరక అంటే లంక మధ్యలో మా పెద్దలు తట్టలతో మన్ను మోసి పోసుకున్న ఎత్తు. వరదొస్తే మనుషులూ గొడ్లూ అక్కడికే ఎక్కుతారు.

తలుపులు ఊడదీయాలని చెప్పాను. ఇందులో కొత్తేమీ లేదు. మావి మట్టిగోడలు. తలుపు తీసేస్తే నీళ్ళు ఇటు వచ్చి అటు పోతాయి, గోడ నానుతుంది గానీ నిలబడుతుంది. తలుపు వేసి ఉంచితే బయట నీళ్ళ ఎత్తు ఎక్కువై గోడను తోసేస్తుంది. "దొంగొస్తే తలుపు వెయ్యి, వరదొస్తే తలుపు తియ్యి" అని మా అత్త అనేది. ఊడదీసిన తలుపులు మెరక మీద పరుచుకుని వాటిమీద పడుకుంటాం. నా చిన్నప్పటి నుంచీ అంతే.

నూకరత్నం లేచింది.

"మరి బిళ్ళలో? తొమ్మిది రోజుల్లో నీరు దిగకపోతే?"

"నా బతుకులో గోదారి ఏడు రోజుల కంటే నిలబడలేదే."

"నీ బతుకు సంగతి సరేనక్కా. ఇప్పుడు పై గేట్లు జలసభ చేతిలో ఉన్నాయి. వాళ్ళు కొంచెం కొంచెంగా వదుల్తున్నారు. పోయినేడు ఎనిమిది రోజులు నిలబడింది, నీ పుత్తకంలో నువ్వే రాసుకున్నావు."

అది నిజం. రాసుకున్నాను. కానీ అంతమందిలో నా పుస్తకం నాకే చదివి వినిపిస్తే ఒళ్ళు మండదా?

"అయితే నీ తలుపు నువ్వే కాపలా కాసుకో. గోడ మీద పడ్డాక నన్ను పిలవకు," అన్నాను.

"పిలవనులే," అంది.

దాని కూతురు దేవమణికి ఇరవై రెండేళ్ళు. మా ఇద్దరి మధ్య నిలబడి ఎవరి చెయ్యి పట్టుకోవాలో తెలీక రెండూ వదిలేసింది. మిగతా నలభై ఇళ్ళవాళ్ళు నా మాటే విన్నారు. పుస్తకం రాసే మనిషిని కదా, నాకు తెలుస్తుందని వాళ్ళ నమ్మకం.

పుష్యమి, ఎనిమిదో రోజు. నీరు: పదిహేనడుగులు.

మధ్యాహ్నానికి నలభై తలుపులూ మెరక ఎక్కాయి. వానలో తలుపు వీపున వేసుకుని వరసగా నడిచొస్తుంటే ఊరే లేచి నడుస్తున్నట్టుంది. ధర్మయ్య మావ మాత్రం తన తలుపు మీద ముసలావిడను కూర్చోబెట్టి నలుగురితో మోయించాడు. ఆవిడ పైనుంచి "మెల్లిగా, మెల్లిగా, పెళ్ళిలో కూడా ఇంత ఊపలేదర్రా," అని అరుస్తుంటే అందరం నవ్వాం.

నూకరత్నం రాలేదు. అటక మీద బియ్యం, చింతగింజలు పెట్టుకుని ఇంట్లోనే ఉంది. ఎగువ కొస కొంచెం ఎత్తు కాబట్టి అక్కడ మోకాలు దాకానే నీళ్ళున్నాయట. పొద్దున్న తలుపు తీస్తోంది, సాయంత్రం వేస్తోంది.

తొమ్మిది రోజుల లెక్క ఇవాళ్టి నుంచి మొదలు.

పుష్యమి, పదమూడో రోజు. నీరు: పదిహేడడుగులు.

అయిదు రోజులైంది. తగ్గాల్సింది పోయి రెండడుగులు పెరిగింది. రేవు రాయి మునిగింది, గుర్తు కర్ర పెట్టి కొలుస్తున్నాను.

గద్ద వచ్చింది. అంటే జలసభ వారి ఎగిరే కన్ను. నలభై ఇళ్ళ మీదా ఆగి ఆగి పోయింది. మా పిల్లలు మెరక మీంచి చేతులూపారు, దుప్పట్లు ఊపారు. నేనూ ఊపాను, సిగ్గెందుకు. అది మా వైపు తిరగనైనా తిరగలేదు. దాని పని గుమ్మాలు చూడటం, మనుషుల్ని చూడటం కాదు.

దేవమణి రోజూ చిన్న పడవలో వెళ్ళి వాళ్ళమ్మకు అన్నం ఇచ్చి వస్తోంది. ఇవాళ వచ్చి, "అమ్మని రమ్మంటే రానంది. అక్కొచ్చి అడిగితే అప్పుడు ఆలోచిత్తానంది. ఓసారి రా పెద్దమ్మా," అంది.

"దానికి అంత బెట్టుంటే నాకు లేదా? నేను రాను. మొండికేసింది అది, నేను కాదు," అన్నాను.

ఇది ఇలాగే రాస్తున్నాను. తర్వాత మార్చి రాసుకునే మనిషిని కాను.

ఆశ్లేష, మూడో రోజు. నీరు: పదహారడుగులు.

ఇవాళ్టికి తొమ్మిది.

మొన్నటి నుంచీ ఎగువకు పడవ పోవడం లేదు, ప్రవాహం అంత జోరుగా ఉంది. దేవమణి రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ కొట్టుకొచ్చింది. రెండోసారి అరటితోటలో చిక్కుకుంటే మోకు వేసి లాగాం. మెరక మీంచి చూస్తే నలభై ఒకటో ఇల్లు కనిపించదు, జీలుగు చేను అడ్డం.

పొద్దున్న నేనూ మరో ఆరుగురూ మా మా ఇళ్ళ గుమ్మాలకైనా తలుపులు ఆనించి వద్దామని బయల్దేరాం. ఒక్కసారి బిళ్ళలు తగిలినా చాలు కదా. మా గుమ్మం పైచెక్క దాకా నీళ్ళు. మునిగి ఉన్న గుమ్మానికి తలుపు ఎక్కడ ఆనిస్తావు? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నా తలుపు చేతిలోంచి జారి దిగువకు పోయింది. వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం మెరక మీద ఎవరూ నాతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

ఆశ్లేష, ఆరో రోజు. నీరు: పదిహేనడుగులు, దిగుతోంది.

దేవమణీ నేనూ ఎగువకు వెళ్ళాం.

ఇల్లు లేదు. నాలుగు గోడలూ లోపలికి కూలి మట్టిదిబ్బ అయ్యాయి. నేను చెప్పినట్టే జరిగింది. నా మాట నిజమైనందుకు నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలనిపించింది. గుమ్మం మాత్రం ఆరడుగుల లోతు కాళ్ళ మీద నిటారుగా ఉంది. దానికి తలుపు వేలాడుతోంది. ప్రవాహం తోసినప్పుడల్లా తెరుచుకుంటోంది, మళ్ళీ మూసుకుంటోంది. గోడల్లేని తలుపు తనంతట తనే తీసుకుని వేసుకుంటోంది.

నూకరత్నం గడప దగ్గర, మట్టి కింద దొరికింది. కుడిచెయ్యి బయటికుంది. సాయంత్రం తలుపు వేయడానికి దిగినప్పుడు కూలినట్టుంది.

దేవమణి ఏడవలేదు. వాళ్ళమ్మ మొహం మీది మట్టి నీళ్ళతో కడిగి, అప్పుడు నా వైపు తిరిగింది.

"నువ్వొక్కసారి వచ్చి పిలిత్తే వచ్చేది పెద్దమ్మా. నీ మాటకే వచ్చేది. నన్ను పంపావు."

అదేమీ అబద్ధం కాదు. చంపింది గోడే కావచ్చు, కానీ పిలవకుండా ఉన్నది నేను.

మఖ, నాలుగో రోజు. నీరు: ఏడడుగులు.

జలసభ మాటలు చూపించే రేవు పలక తడి ఆరి మళ్ళీ వెలిగింది. జలసభ నుంచి రెండు సమాచారాలు ఉన్నాయి. ఉన్నవి ఉన్నట్టు ఎక్కిస్తున్నాను.

ఒకటి: "జీలుగులంక, గృహాలు ఒకటి నుంచి నలభై వరకు: నివాసం లేదు. పరిసర భూమి నదిగా ప్రకటించడమైనది."

రెండు: "జీలుగులంక, నలభై ఒకటో గృహం, నూకరత్నం గారికి: నివాసం నిర్ధారణ అయినది. గత పన్నెండు దినాలలో తలుపు కదలికలు రెండు వేల ఎనిమిది వందల పదహారు. ఈ ప్రాంతంలోకెల్లా చురుకైన గృహంగా మిమ్మల్ని గుర్తించి అభినందిస్తున్నాము."

దేవమణి పక్కనే ఉంది. రెండోది చదివి, పలక మీద ఓ పిడికెడు బురద తీసి కొట్టింది. నేను తుడవలేదు.

పుబ్బ, రెండో రోజు. నీరు: ఆరడుగులు.

గోదారి పట్టుకుపోయిన నా తలుపు తప్ప తలుపులన్నీ మళ్ళీ బిగించుకున్నాం. పొద్దస్తమానం తీస్తున్నాం, వేస్తున్నాం. పసిపిల్లల చేత కూడా వేయిస్తున్నాం. లంకంతా కిర్రు కిర్రుమంటోంది. బిళ్ళలు చచ్చాయి. ఖాళీ అని రాసుకున్నాక జలసభ ఇక వాటిని వినదట.

విన్నపం పంపాను. జవాబు వెంటనే వచ్చింది, అంత త్వరగా రావడంలోనే తెలిసింది మనిషి చదవలేదని: "మీరు తెలిపిన చిరునామాలో నివాసం లేదు. నివాసం లేని చోటి నుంచి వచ్చిన విన్నపం పరిశీలించబడదు."

సరే, ఇల్లున్న మనిషి పేరుతో పంపుదామని నూకరత్నం పేరు పెట్టి పంపాను. "మీ గృహానికి ఏ ఇబ్బందీ నమోదు కాలేదు. పొరుగు గృహాల విషయం పొరుగువారే విన్నవించుకోవలెను."

కొత్త బిళ్ళలు అడిగాం. కొత్త బిళ్ళకు నేల చూపాలట. మా నేల నదట. ధర్మయ్య మావ పలకకు దండం పెట్టి, "నాయనా, నువ్వు మనిషివైతే చెప్పుచ్చుకు కొట్టేవాణ్ణి," అన్నాడు.

మందుల పడవ మా రేవు ముందు నుంచే ఆగకుండా పోయింది. నది మధ్యలో పడవ ఎందుకు ఆగుతుంది?

ఉత్తర, తొమ్మిదో రోజు. నీరు: అయిదడుగులు.

దున్న పాయ దాటి అయిదు రోజులైంది. దిగువ కొసన, ఒకటో ఇంటి దగ్గర మోర పెట్టింది. ఆడవాళ్ళం వెళ్ళి ఎదురుగా నిలబడ్డాం. అది కూత పెట్టి, మోర పక్కన ఉన్న రబ్బరు బద్దతో మమ్మల్ని మెల్లిగా, దూడల్ని తోలినట్టు పక్కకు నెట్టింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అదే నాకు మరీ మంటగా ఉంది.

ఓడ మీద ఒకే ఒక్క మనిషి ఉన్నాడు. కీళ్ళకు నూనె పెట్టేవాడు, పేరు అప్పలస్వామి, శ్రీకాకుళం వైపు మనిషి. నన్ను చూసి దిగి వచ్చాడు.

"నానేటి సేస్తానమ్మా. దీనికి మనిసి అగుపడడు, తలుపే అగుపడతాది. బిళ్ళ పలికే తలుపుంటే ఏబై గజాలు ఒగ్గేస్తాది. ఆపడానికి నాకాడ మీటే నేదు."

"మరి నువ్వెందుకు దీనిమీద?"

"కీళ్ళు అరిగితే నూనె ఎయ్యాల గదా. మాదీ ఏటి ఒడ్డు ఊరేనమ్మా. అదీ ఇదే మేసీసింది. మేసినాక పనిచ్చింది."

అతను కాసేపు ఒకటో ఇంటి వైపు చూసి, మోకు తెగిందని రాసి మూడు రోజులు ఆపగలనన్నాడు. ఆపాడు. ఆ మూడు రోజుల్లో గొడ్లనూ, గింజల్నీ, గిన్నెల్నీ ఎగువ కొసకు చేర్చుకున్నాం. నాలుగో రోజు ఒకటో ఇంటి గోడ మోరలోకి పోయింది. తర్వాత ఆ ఇంటి అలివేలు పెట్టిన మునగచెట్టు పోయింది.

చిత్త, మొదటి రోజు. నీరు: అయిదడుగులు.

ఇరవై ఆరు ఇళ్ళు పోయాయి. రేవు రాయి కూడా పోయింది. ఎగువ కొసన వెదురు పాతి, పాత రాయి కొలత గుర్తుపెట్టుకుని గాట్లు పెట్టాను. ఇకమీద కొలతలు దాని మీదవి.

లంకంతా ఇప్పుడు నూకరత్నం తలుపు చుట్టూ ఉంది. యాభై గజాల్లో నలభై కుటుంబాలు, పద్దెనిమిది గొడ్లు, నూట అరవై మంది. తలుపును రోజూ తీసి వేస్తున్నది నేనే. ఆ పని నాకెవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

రేషన్ పడవ వచ్చింది. దానిలో కూడా మనిషి ఉండడు. తలుపు ముందు ఆగి, "నలభై ఒకటో గృహం, నూకరత్నం గారు ఉన్నారా?" అని గొంతు పెట్టి పిలుస్తుంది. మూడుసార్లు పిలిచి, జవాబు రాకపోతే మనిషి లేనట్టు రాసుకుని పోతుంది. గొంతు ఎవరిదన్నది దానికి అనవసరం, పలికితే చాలు.

మొదటిసారి పిలిచినప్పుడు మేమంతా ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. రెండోసారి పిలిచింది. నేను ముందుకెళ్ళి, "ఉన్నాను," అన్నాను. బియ్యం మూట ఒకటి దింపింది. చచ్చిపోయిన మనిషి బియ్యం నూట అరవై మందిమి గంజి కాచుకుని తాగాం. దేవమణి తాగలేదు.

స్వాతి, ఆరో రోజు. నీరు: నాలుగున్నర అడుగులు.

ఇవాళ ఆఖరి పడవ వెళ్ళింది. ఒక మూట ఎంతమందికని? ముందు పిల్లలున్నవాళ్ళు పోయారు, తర్వాత గొడ్లున్నవాళ్ళు. సముద్రపు కట్ట మీద గదులిస్తున్నారట, ఇంటికి ఒక గది, కిటికీ సముద్రం వైపు. ధర్మయ్య మావ వెళ్ళేటప్పుడు ఒక గుప్పెడు మన్ను చెంగున కట్టుకుంటుంటే వాళ్ళావిడ కసిరింది.

"అక్కడ లేని మన్నా? కట్టంతా మనదే కదా, పోసింది."

ఆ మాటతో ఆయన ముడి విప్పి మన్ను దులిపేసుకున్నాడు.

దేవమణి కూడా ఎక్కింది. నాతో చెప్పలేదు. నేను రానన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. నా మీద కోపం లేక నన్ను బతిమాలేవాళ్ళు ఆ పడవలో ఎవరున్నారని?

ఇప్పుడు యాభై గజాల నేల, చుట్టూ గోదారి. అంచులు రోజుకి జానెడు జారుతున్నాయి. మధ్యలో గోడల్లేని తలుపు. పక్కన తాటాకు పందిరి, నేను. పొద్దున్న తీస్తున్నాను, సాయంత్రం వేస్తున్నాను. ఆపితే తొమ్మిదో రోజుకి జీలుగులంక అనే పేరు ఎక్కడా ఉండదు. పిచ్చి అనుకుంటే పిచ్చే. నూకరత్నం తలుపు నేను ఊడదీయమన్నాను, అది ఊడదీయలేదు. ఇప్పుడు నేనెలా ఊడదీస్తాను?

విశాఖ, మూడో రోజు. నీరు: నాలుగడుగులు.

పొద్దున్న తలుపు తీశాక దిగువ నుంచి చిన్న పడవ కనిపించింది. దేవమణి ఒక్కతే తెడ్డు వేసుకుంటూ వస్తోంది. చిక్కిపోయింది. చేతిలో ఉలి, సుత్తి ఉన్నాయి.

"అమ్మ తలుపు తీసుకెళ్ళిపోతాను పెద్దమ్మా," అంది, పలకరింపు కూడా లేకుండా.

"కూర్చో. గంజి ఉంది."

"గంజి వద్దు. ఆ చెక్క మా నాన్నది. ఆ తలుపు మా అమ్మది. అమ్మ పేరు చెప్పుకుని నువ్వు బతుకుతున్నావు. ఊరికి దిక్కు చూపిన మనిషివి, ఊరు పోయాక అమ్మ పేరెట్టుకుని కూర్చున్నావు. నాకు నిద్దరట్టట్లేదు."

"తీసుకెళ్తే ఈ నేల పోద్దే."

"పోనీ. ఏముందిక్కడ? నేనొచ్చి చూత్తే ఏడుపు తప్ప ఏముంది?"

నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. వాళ్ళమ్మను పెట్టిన చోటు గుమ్మానికి ఎడమపక్క, నాలుగు అడుగుల్లో ఉంది. అంచు అక్కడికి ఇంకా చాలా దూరమే, కొలిచాను, పంతొమ్మిది గజాలు. అదొక్కటే చెప్పాను.

"రోజూ కొలుస్తున్నావా?" అంది.

"నాకొచ్చిన పని అదొక్కటే కదే. నిన్ను పంపకుండా నేను వెళ్ళాల్సింది. దాని కాళ్ళు పట్టుకునైనా తీసుకురావాల్సింది. నువ్వన్నది నిజమే. తప్పు నాదే. ఇంకేం చెప్పమంటావు?"

దేవమణి గుమ్మం దగ్గరికెళ్ళి పై మడతబందు మీద ఉలి పెట్టింది. పెట్టింది గానీ సుత్తి ఎత్తలేదు. తలుపు మీద చెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయింది. నేను అడ్డం వెళ్ళలేదు. అడ్డుపడే హక్కు నాకు లేదు.

అప్పుడు రేషన్ పడవ వచ్చింది. దాని రోజు ఇవాళేనన్న సంగతి మర్చిపోయాను.

"నలభై ఒకటో గృహం, నూకరత్నం గారు ఉన్నారా?"

పలకాలి. నోరు తెరిచాను. దాని కూతురు మూడడుగుల్లో నిలబడి నన్నే చూస్తుంటే, ఆ పేరుకి నేను పలకడం నా వల్ల కాలేదు. ఇంత పెద్ద నోరు, ఒక్క మాట రాలేదు.

"నలభై ఒకటో గృహం, నూకరత్నం గారు ఉన్నారా?"

రెండోసారి. నేను తల దించుకున్నాను. పోతే పోనీ, దాని తలుపు, దాని పిల్ల, దాని ఇష్టం అనుకున్నాను. ఉలి కింద పడిన చప్పుడైంది.

"నలభై ఒకటో గృహం, నూకరత్నం గారు ఉన్నారా?"

"ఉంది," అంది దేవమణి. పడవ వైపు ఓ అడుగేసి మళ్ళీ గట్టిగా అంది. "మా అమ్మ ఉంది."

పడవ బియ్యం మూట దింపి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. మూట తడవకుండా దేవమణే లాక్కొచ్చి పందిరి కింద పెట్టింది. గంజి తాగింది. మధ్యాహ్నం ఎండ పడ్డాక తన పడవ విప్పుకుని వెళ్ళింది. ఉలీ సుత్తీ ఇక్కడే వదిలేసింది, మర్చిపోయిందో కావాలనో అడగలేదు.

సాయంత్రం తలుపు వేశాను. నీరు నాలుగడుగులు. ఇళ్ళు ఒకటి. మనిషి: నూకరత్నం.